సాగుదారు పేరు

మా మేనత్త పదహారేళ్ళుగా ఒకే పొలం కౌలుకు చేస్తోంది. మామయ్య పోయాక కూడా వదల్లేదు. ఆ నాలుగెకరాల్లో నీరెక్కడ నిలుస్తుందో, ఏ మూల మొక్కజొన్న గిడసబారుతుందో ఆవిడనే అడగాలి. ఆసామిని అడిగితే పొలానికి దారెటో కూడా చెప్పలేడు. ఆయనుండేది పట్నంలో. అయినా విత్తనాల రాయితీ ఆయనకే, ఎరువుల రాయితీ ఆయనకే, పెట్టుబడి సాయమూ ఆయన ఖాతాకే. కాగితాల్లో రైతంటే ఆయనే మరి. అత్త కౌలుకు ఉన్నదల్లా నోటిమాట.

ఈ ఏడు కంకులు పాలు పోసుకునే వేళ వడగళ్ళు పడి చేనంతా నేలకరిచింది. నష్టపరిహారం ఈసారి సాగు చేసేవాళ్ళకే ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. కాకపోతే సాగుదారు పొలంలో నిలబడి, అధికారి ఎదుట ఆ మాట స్వయంగా చెప్పాలి. ఆ అధికారి వెంట ఫారాలు నింపే గుమాస్తాను నేనే. బంధువుని కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. అందుకే ముందురోజే అత్త ఇంటికి వెళ్ళాను.

"ఒక్క మాట చెప్పత్తా, చాలు. ఆ డబ్బు రాకపోతే వచ్చే పంటకి విత్తనాలెలా కొంటావు?"

"అలాగేలేరా," అంది.

మర్నాడు పడిపోయిన చేను మధ్య అధికారి మర్యాదగానే అడిగాడు. "ఈ పొలం ఎవరు చేస్తున్నారమ్మా?"

అత్త నా వైపు చూడలేదు. "ఆసామే చేసుకుంటారండి. నేను కూలికొస్తా."

"దున్నింది?"

"ఆయనేనండి."

"విత్తనం వేసింది?"

"ఆయనే. తొలివాన పడ్డ మర్నాడే వేశారు."

ఆ నెలంతా ఆసామి మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం దిగలేదని ఊరంతటికీ తెలుసు. సాగుదారు గడిలో ఆయన పేరు నా చేత్తోనే రాశాను.

సాయంత్రం వెళ్ళి నిలదీశాను.

"నా పేరెక్కితే రేపు పొలం నాదంటానని ఆయనకి భయంరా. నోరెత్తనంటేనే కౌలుకిచ్చారు. పరిహారం ఒక్కసారొస్తుంది. పొలం పోతే ఏం తినను?"

నాకు ఒళ్ళు మండింది. అరవాల్సిన వాళ్ళు అందుబాటులో లేక ఆవిడ మీదే అరిచాను. ఇప్పటికీ అందుకు సిగ్గుపడుతున్నాను.

పరిహారం ఆసామి ఖాతాలో పడింది. వారం తిరక్కుండా ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. అధికారులు పొలంలోకి వచ్చి ఏవేవో వాకబు చేశారట, ఎందుకొచ్చిన గొడవని కౌలు వేరేవాళ్ళకి ఇచ్చేశాడట.

అత్త మొదటిసారి మా ఆఫీసుకొచ్చింది. నా బల్ల పక్కన నిలబడి గొంతు తగ్గించింది. "నేను సాగు చేస్తున్నానని చెప్పలేదని నువ్వైనా ఆయనకి చెప్పరా. నువ్వక్కడే ఉన్నావుగా. ఆ కాగితం కూడా పట్టుకురా."

బస్సెక్కి పట్నం వెళ్ళాం. ఆసామి మమ్మల్ని గుమ్మం దగ్గరే ఉంచి, కళ్ళజోడు పెట్టుకుని ఫారం నకలంతా చదివాడు. "ఈవిడ మీ పేరు తప్ప ఇంకో పేరు చెప్పలేదండీ. నేనే రాశాను," అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

"తెలుసయ్యా, మంచి మనిషి. కానీ మాటిచ్చేశాను. వాళ్ళు దుక్కి కూడా మొదలుపెట్టారు," అని నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మెట్లు దిగుతూ అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "నమ్మారంటావా?"

నమ్మాడనే చెప్పాను.