ఎర్ర దీపం కింద తాలు కాయ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద మిరపకాయలు వేగుతున్నాయి. ఘాటుకు దగ్గొస్తే కొంగో తువ్వాలో అడ్డం పెట్టుకోండి గానీ లేచి వెళ్ళకండి. నేను చెప్పబోయే మనుషులను మీరు ఎన్నడూ చూడలేదు, ఇక చూడలేరు కూడా. అందుకని నా మాటల్లోంచే వాళ్ళను కాసేపు మీ ముందు కూర్చోబెట్టుకోండి.

పొద్దున మా మనవరాలు వంటింట్లో మాడిపోయిన బల్బు తీసి కొత్తది పెట్టింది. పాలు ఒలికినట్టు తెల్లటి వెలుతురు. దాని కింద చేట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తుంటే, నేను చూసీ చూడకముందే నా చెయ్యి ఒక కాయను పట్టి పక్కన పడేసింది. తీరా చూస్తే తాలు కాయ. వానకో మంచుకో చిక్కి, ఎరుపు చచ్చి, తెల్లగా పాలిపోయిన కాయను మా వైపు తాలు అంటాం. అది కలిసిందంటే బస్తా మొత్తానికీ చెడ్డ పేరు. "ఇంత తెల్లటి వెలుతురు ఎట్లా వస్తుందే?" అని మనవరాలిని అడిగాను. అది కాలేజీలో చదువుతోంది. "లోపల ఉండేది నీలం దీపం అమ్మమ్మా. దాని మీద పసుప్పచ్చ పూత పూస్తే తెల్లగా కనిపిస్తుంది" అంది. నీలం దీపం అన్న మాట చెవిన పడగానే నా చెయ్యి చేటలోనే ఆగిపోయింది. ఆ దీపం కోసం ఎదురుచూసిన మనిషి ఒకాయన నాకు తెలుసు.

ఆయన సైదులు మాస్టారు. ఎనభైల నాటి మాట. పెదకాకాని దాటాక లోపలికి ఉండే మా ఊళ్ళో, మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. దూదేకుల వాళ్ళు. తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడట, ఈయన చిన్నతనంలోనే పోయాడు. తల్లి హుసేనమ్మ మిరప కల్లాల్లో తాలు ఏరి కొడుకును చదివించింది. ఆయన గుంటూరులో ఒక కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసేవాడు. పొద్దున బస్సుకు వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాడు. నేను అప్పుడే కాపురానికి వచ్చాను. నన్ను కల్లానికి తీసుకెళ్ళి, మూతికి తడిగుడ్డ కట్టి, ఏరడం నేర్పింది హుసేనమ్మత్తే. చిత్రమేమిటంటే ఆవిడ మాత్రం గుడ్డ కట్టుకునేది కాదు. "కట్టుకుంటే మాట్లాడ్డం కుదరదే" అనేది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఘాటూ ఆ దుమ్మూ పీల్చి పీల్చి, నేను చూసేనాటికే ఆవిడ ఊపిరి పిల్లనగ్రోవిలా కూసేది. గోడ ఇవతల పడుకున్నా నాకు వినపడేది.

డాక్టరు మిరపకాయ దరిదాపుల్లోకి పోవద్దన్నాడు. ఆవిడ వింటేనా! ఒకరోజు సాయంత్రం వాకిట్లో తల్లీ కొడుకులు వాదులాడుకుంటుంటే నేను గోడ దగ్గరే ఉన్నాను.

"నా జీతం మనిద్దరికీ చాలదా అమ్మా?" అన్నాడాయన.

"జీతం మాట ఎవరెత్తారురా? చుట్టుపక్కల కల్లాల్లో నా కన్నుకు సాటి కన్ను లేదు. నేను ఇంట్లో కూర్చుంటే ఇదెందుకింక, ఈ కన్ను?"

"నీ బదులు మిషను కన్ను పెడతాను. నువ్వు ఊపిరి పీల్చుకో చాలు."

అత్త నవ్వింది, నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక కూడా నవ్వు తగ్గలేదు. "మిషనుకు కన్నంట! సరేరా. నీ మిషను తాలు కాయను పట్టిన రోజునే నేను కల్లం మానేస్తా. అల్లా మీద ఒట్టు. కోటమ్మా, గోడ పక్కనే ఉన్నావుగా, నువ్వే సాక్షివి."

ఆ రోజు నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. ఆవిడ ఊపిరి అయిపోయే లోపల ఆ కన్ను తయారు కావాలి. ఆదివారమైతే వసారాలో రేకులు, తీగలు, బ్యాటరీలు పరుచుకుని కూర్చునేవాడు. నేను చదివింది నాలుగో తరగతి. అయినా నాకు అర్థమయ్యేదాకా చెప్పేవాడు. వెలుతురు తగిలితే కరెంటును ఎక్కువగా పోనిచ్చే చిన్న బిళ్ళ ఒకటి చూపించి, "ఇదే కన్ను కోటమ్మా. పాలిపోయిన కాయ మీద పడ్డ వెలుతురు ఎక్కువగా తిరిగొస్తుంది. అప్పుడిది ఉలిక్కిపడుతుంది" అన్నాడు. దేశదేశాల్లో వెలుతురుతో ఏమేం చేస్తున్నారో పుస్తకాల్లో చదివొచ్చి తల్లికి కథల్లా చెప్పేవాడు. వెంట్రుకంత సన్నని గాజు దారం తీసి, అందులోంచి వెలుతురు పంపి, ఆ వెలుతురు మీద మనుషుల మాటలు ఊళ్ళు దాటిస్తున్నారట.

"మీ నాన్న దూది ఏకితే వీళ్ళు గాజు ఏకుతున్నారా?" అంది అత్త.

"అట్లాంటిదే. ఇంకో సంగతి విను. బియ్యపు గింజంత దీపాలు వచ్చాయి. వేడి ఉండదు, మాడిపోవు. ఎరుపుంది. ఆకుపచ్చ ఉంది గానీ మిణుగురు పాటి వెలుతురే. గట్టి నీలం దీపం చెయ్యడం మాత్రం ఇంకా ఎవరి వల్లా కావడం లేదు. అది గనక వస్తే అన్ని రంగులూ కలిపి పగటి లాంటి వెలుతురు చెయ్యొచ్చు."

"మనకు నీలమెందుకురా, మనదేమన్నా వంగతోటా? మిరపకాయ ఎరుపు. ఎర్ర దీపమే పెట్టు."

ఆయనకూ అదే సబబుగా తోచింది. మా నేల మీద పుట్టిన వాళ్ళకు మరో ఆలోచన ఎట్లా వస్తుంది? కాయ కొనేవాడు ఎరుపు చూసి కొంటాడు, అమ్మేవాడు ఎరుపు చూపించి అమ్ముతాడు. ఎరుపును వెతకాలంటే ఎర్ర దీపమే అని మేమందరం తలూపాం. మద్రాసు నుంచి ఎర్ర దీపాలు తెప్పించాడు.

మిషనును మాకు పనిచ్చే షావుకారు కల్లానికి తీసుకొచ్చిన రోజు పండగలా ఉంది. కాయ జారడానికి ఏటవాలు రేకు, మధ్యలో నల్ల డబ్బా, అందులో ఎర్ర దీపాలు, కన్ను. తాలు కాయ వస్తే టక్‌మని చిన్న తలుపు తెరుచుకుని దాన్ని పక్క బుట్టలోకి తోస్తుంది. ఏరే ఆడవాళ్ళం చుట్టూ మూగాం. "ఏం మాస్టారూ, మా నోటికాడి కూడు లాగడానికి తెచ్చారా దీన్ని?" అని ఒకావిడ దెప్పింది. "నోట్లోకి పోయే దుమ్ము లాగడానికనుకోరాదా" అన్నాడాయన. నవ్వాడు గానీ ఆ నవ్వులో గుబులుంది.

మొదటి కాయ జారింది. నిగనిగలాడే మంచి కాయ. టక్. రెండోదీ మంచి కాయే. టక్. ఆ తర్వాత టక్ టక్ టక్. మంచీ తాలూ తేడా లేకుండా కాయలన్నీ తాలు బుట్టలోకే పోయాయి. ఆయన కన్ను పదును సరిచేసే మర తిప్పాడు. ఈసారి అన్నిటినీ మంచి కాయలే అంది.

షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మాస్టారూ, ఇందాక నా సరుకంతా తాలేనంది మీ మిషను! ఈ మాట గుంటూరులో అనకండి స్వామీ, నా పరువు పోద్ది." కల్లమంతా గొల్లుమంది. హుసేనమ్మత్త ఒక్కతే నవ్వలేదు. తాలు బుట్టలో పడ్డ మంచి కాయను తీసి కొంగుతో తుడిచింది. "కొత్త కోడలు గదా, తడబడింది. పదరా ఇంటికి" అంది. ఆ మర్నాడు మళ్ళీ కల్లానికి వచ్చింది. ఒట్టు ఒట్టే కదా.

తర్వాతి ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆయన మా ఇద్దర్నీ లోపలి గదిలోకి పిలిచాడు. కిటికీకి గోనెపట్టా కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాడు. చీకట్లో ఎర్ర దీపాలు మాత్రం వెలిగించాడు. వాటి ముందు పళ్ళెంలో మిరపకాయలు. "మిషను ఏం చూస్తుందో మనమూ చూద్దాం. అమ్మా, తాలు ఏరు" అన్నాడు.

అత్త వంగింది. చెయ్యి పళ్ళెం దాకా పోయింది, ఆగింది, వెనక్కొచ్చింది. మళ్ళీ పోయింది. నేనూ తొంగి చూశాను. కాయలన్నీ ఒకటే వన్నె, ఒకటే పాలిపోయిన తీరు. చాలాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది. అంత చిన్న గొంతు ఆవిడ దగ్గర నేను ఎప్పుడూ వినలేదు. "సైదులూ, నా కళ్ళు పోయినాయిరా."

ఆయన ఒక్క ఉదుటున లేచి తలుపు తీశాడు. పగటి వెలుతురు పళ్ళెం మీద పడింది. తాలు కాయలు పళ్ళు ఇకిలించినట్టు తెల్లగా కనపడ్డాయి. ఆయన తల్లి చేతులు పట్టుకుని నేల మీద కూలబడిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "నీ కళ్ళకేం కాలేదమ్మా. తప్పంతా దీపానిది. ఎర్ర దీపం కింద ఎర్రదీ తెల్లదీ ఒకటే. రెండూ ఆ ఎరుపును అట్లాగే వెనక్కి పంపిస్తాయి. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, మిరపకాయ అనేసరికి మర్చిపోయాను."

"ముందు చెప్పొద్దట్రా వెధవా, గుండె ఆగినంత పనైంది" అని వీపు మీద ఒక్కటేసింది అత్త.

ఆకుపచ్చ వెలుతురైతే తేడా తెలుస్తుందన్నాడు. దాని కింద మంచి కాయ బొగ్గులా నల్లబడుతుంది, తాలు మెరుస్తూనే ఉంటుంది. కానీ ఆకుపచ్చ గింజ దీపాల వెలుతురు కన్నుకు ఆనలేదు. ఇంకా గట్టివి దొరుకుతాయేమోనని ఎక్కడెక్కడికో రాశాడు. జవాబులు రాలేదు, వచ్చినా లేవనే వచ్చాయి. ఈలోగా మంచు ఎక్కువైంది, తాలు ఎక్కువైంది, కల్లాల్లో పనీ ఎక్కువైంది. ఒకరోజు కాయల రాశి ముందు కూర్చున్న హుసేనమ్మత్త కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. మేమే మంచం మీద ఇంటికి మోసుకొచ్చాం. ఆ తర్వాత ఆవిడ లేవలేదు. కూర్చోబెట్టి వీపు నిమిరితే తప్ప ఊపిరి అందేది కాదు.

దీపం దొరకదని ఆయనకు తేలిపోయింది. పీర్ల పండక్కి అంటించే, అవతలి వెలుతురు కనపడే ఆకుపచ్చ గాజుకాగితం ఇంట్లో మిగిలి ఉంటే, మడతలు పెట్టి స్కూటరు బల్బుకు చుట్టాడు. వేడికి కాగితం ముడుచుకుపోతుంటే మళ్ళీ కొత్తది చుట్టేవాడు. ఒక ఉదయం మిషనును మంచం పక్కకు జరిపి నన్ను కేకేశాడు. అత్త వీపుకు నా భుజం ఆనించి పట్టుకున్నాను. ఆయన మంచి కాయ వేశాడు. జారిపోయింది, చప్పుడు లేదు. తాలు కాయ వేశాడు. టక్.

అత్త కళ్ళు తెరిచింది. "నేను వేస్తా" అని చెయ్యి చాపింది. పళ్ళెంలో వెతికి వెతికి ఒక కాయ తీసింది. సగం ఎరుపు, సగం పాలిపోయింది. ఏరేవాళ్ళను తికమక పెట్టే కాయ. తనే రేకు మీద వదిలింది. టక్.

"దీన్ని నేనైతే ఉంచేదాన్ని. నీ మిషను కసాయిదిరా" అంది.

"మరి ఒప్పుకున్నట్టేనా అమ్మా?"

ఆవిడ ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఒప్పుకున్నా. ఒట్టంటే ఒట్టే. రేపట్నుంచి కల్లానికి రానని షావుకారుతో చెప్పు."

మంచం దిగలేని మనిషి అన్న మాట అది. "చెబుతానమ్మా" అన్నాడు కొడుకు, ఎంతో గంభీరంగా. ఇద్దరూ ఒకరినొకరు నమ్మినట్టే ఉన్నారు. నేను మాత్రం మొహం గోడకు తిప్పుకున్నాను. ఆ వారం దాటకుండానే ఆవిడ పోయింది. ఆ ఇంట్లోంచి కూత వినపడని మొదటి రాత్రి నేను గోడకు చెవి ఆనించి పడుకున్నాను.

తర్వాత షావుకారు మిషను సంగతి అడిగించాడు. "అది ఒక్క కాయ చూసేలోగా మా అమ్మ పిడికెడు ఏరేది. మీకు పనికిరాదులెండి" అని కబురు పంపాడు మాస్టారు. ఆ మాట నిజమే. మా కూడు కోసం అన్నాడో, ఇక ఎవరి కోసం చెయ్యాలని అన్నాడో నేను అడగలేదు. తల్లి పాత చీర దాని మీద కప్పాడు. కొన్నాళ్ళకు వేరే ఊరు కాలేజీకి వెళ్ళిపోయాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనా పోయాడని తెలిసింది. ఇప్పుడు గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లో అట్లాంటి కళ్ళున్న పెద్ద మిషన్లు వచ్చాయి. ఒకసారి వెళ్ళి చూశాను. కాయలు వానలా కురుస్తుంటే, గాలి ఊది తాలును ఎగరగొడుతున్నాయి. దుమ్ములో కూర్చున్న ఆడది ఒక్కతీ లేదు. వాళ్ళంతా ఇప్పుడు ఏం చేసుకుని బతుకుతున్నారని అడిగాను. ఎవరికీ తెలియదు.

మాస్టారు నాకు విడిచిపోయింది తప్పంతా దీపానిదన్న ఆ ఒక్క మాట. మా రెండో పిల్ల మొద్దు అని బడిలో తేల్చినప్పుడు నేను దాన్ని కొట్టలేదు. తప్పు దీపానిదేమోనని వెళ్ళి, దాన్ని చీకటి మూల నుంచి కిటికీ పక్కకు మార్పించాను. అయినా బోర్డు కనపడలేదంది. కంటి డాక్టరు చూస్తే ఆసారి తప్పు నిజంగా కంటిదే! కళ్ళజోడు పెట్టాక మొద్దు అన్న మాట మళ్ళీ వినపడలేదు. ఎవరి గురించైనా ఎవరైనా చెడ్డగా చెబితే, ఏ దీపం కింద చూసి చెబుతున్నారో అనుకుంటాను. తలుపు తీసి చూశాకే నమ్ముతాను. ఇవాళ ఆ తాలు కాయను పారెయ్య బుద్ధి కాలేదు. కిటికీలో, పగటి వెలుతురులో పెట్టాను. వంటింట్లో ఆయన కోరుకున్న దీపం వెలుగుతూనే ఉంది, తల్లీ కొడుకుల్లో ఎవరూ లేరు.

విన్నారు కదా, ఇక లేవండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఊపిరి చల్లగా ఆడాలి. మీ పిల్లల తప్పు ఎంచేముందు తలుపు తీసి చూసే మనసు మీ ఇంటిల్లిపాదికీ ఉండాలి. మీ గడపలోకి పగటి వెలుతురు ఎప్పుడూ ధారాళంగా రావాలి.