డిఫెన్స్ ఆటగాడు మా ఇంటికి భోజనానికొచ్చిన రోజు

డెబ్బైల చివర్లో ఆయన్ని టీవీలో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎదుటి జట్టువాణ్ణి నేలకేసి కొట్టి, లేచి నిలబడి, కెమెరాకేసి వేలు చూపిస్తూ వాగేవాడు. మా ఆయన, మా అబ్బాయి సోఫా మీద గంతులేసేవారు. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అని పేరు పెట్టి బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అందులో డిఫెన్స్ అంటే ఆ పరిగెత్తేవాణ్ణి పడగొట్టడం. దానికింత సంబరమా అనుకునేదాన్ని.

తర్వాత ఆయన నోరు ఇంకో దారి పట్టింది. మోకాళ్లు వాచినా నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు పొడిచి మైదానంలోకి తోలుతున్నారని, యజమానుల కళ్లకు ఆటగాళ్లు గొడ్లతో సమానమని మైకు ముందే కడిగేశాడు. ఏడాది తిరక్కుండా టీమ్ వదిలించుకుంది. ఇంకెవరూ తీసుకోలేదు. పేపర్లవాళ్లు ఆయన ఆట మరిచిపోయి నోటి దురుసునే గుర్తుపెట్టుకున్నారు.

మా ఊరు ట్రాయ్‌లో నేను పనిచేసే ఆసుపత్రికి, నా దగ్గర ఫిజియోథెరపీ కోసం వచ్చేనాటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగేవాడు. నొప్పెడితే బూతులు తిట్టి, వెంటనే సారీ చెప్పేవాడు. కోపం పూర్తిగా పోకుండానే ఆయనంటే నాకు అభిమానం కలిగింది.

ఆ వేసవిలోనే మా అబ్బాయి హైస్కూల్ టీమ్‌లో చేరతానన్నాడు. అదీ డిఫెన్స్‌లో. నేను అరిచాను, అన్నం మానేశాను, ఆసుపత్రిలో చూసిన కాళ్లన్నీ వర్ణించి చెప్పాను.

"అమ్మా, యూ డోంట్ గెట్ ఇట్. కోచ్ నన్ను సెలెక్ట్ చేశాడు," అన్నాడు.

పిల్లలు మాట వినకపోతే మనవాళ్లు ఏం చేస్తారు? ఎవరైనా పెద్దమనిషిని భోజనానికి పిలిచి, వీడికి నాలుగు మంచి మాటలు చెప్పండి అంటారు. మేమూ అదే చేశాం. "నీ పేషెంట్‌నే ఇన్వైట్ చెయ్యి. అతనికి మొహమాటాల్లేవు, ఉన్నదున్నట్టు చెప్తాడు," అన్నారు మా ఆయన. ట్రీట్‌మెంట్ ముగిశాక పిలిచాను. ఎందుకు పిలుస్తున్నానో కూడా దాచలేదు. "నిజం చెప్పాలి, అంతేగా?" అని ఒప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మం దగ్గర మా చెప్పులు చూసి ఆగాడు. ఫరవాలేదు, బూట్లతోనే రమ్మన్నాను. వినలేదు. గోడ పట్టుకుని వంగబోయాడు. చేతులు లేసుల దాకా అందలేదు. నుదుటి మీద చెమట పట్టింది. మా అబ్బాయి కింద కూర్చుని ఆ లేసులు విప్పాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా లోపల సంతోషమే. వీడు కళ్లారా చూశాడు, ఇక మన మాటే నెగ్గుతుందనుకున్నాను.

పప్పూ చారూ ఇష్టంగా తిన్నాడు. ఇంజెక్షన్ల గురించి చెప్పాడు. టీమ్ బయటికి తోశాక పాత స్నేహితుల నుంచి ఒక్క ఫోనూ రాలేదన్నాడు. చంటికూతురు చేతులు చాస్తే వంగి ఎత్తుకోలేనన్నాడు. మా ఆయన నాకేసి చూసి తలాడించారు.

అప్పుడు మా అబ్బాయి అడిగాడు. "సర్, ఇదంతా ముందే తెలిస్తే ఆడేవారు కాదా?"

ఆయన ఒకసారి నాకేసి చూశాడు. అది క్షమించమని అడగడమని నాకు తర్వాత అర్థమైంది.

"ఆడేవాణ్ణి. రేపు పొద్దున పిలిచినా వెళ్తాను," అన్నాడు.

మా అబ్బాయి ముఖం వెలిగిపోయింది. అంత నోరున్న మనిషి ఒక్క అబద్ధం ఆడలేకపోయాడా అని ఆయన్ని ఎంత తిట్టుకున్నానో.

మర్నాడు వాడు ప్రాక్టీస్‌కి బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ప్లీజ్, అమ్మా," అన్నాడు మెల్లగా. తప్పుకున్నాను. వాడికి చెప్పడానికి ఇంకెవర్ని పిలవాలో నాకు తోచలేదు.