పసుపు పూసిన నోటీసు

కాగితానికి పసుపు పూయడం మీద నేను చాలా ఊళ్ళలో మాట్లాడాను, రెండు వ్యాసాలు రాశాను. కాగితం ఉన్నది చదవడానికి గానీ పూజించడానికి కాదని గొంతు చించుకున్నాను. ఇంతా చేసి, మా వీధి చివర కొత్తపేట రోడ్డు మీద హోటలు నడిపే చెల్లెమ్మ ఓ పొద్దున్న దేవుడి అలమరలోంచి ఓ కాగితం తీసి ఇస్తే, నాలుగు మూలలా పసుపు! చెల్లెమ్మంటే తోబుట్టువు కాదు. పదిహేనేళ్ళుగా ఆవిడ వేసిన పెసరట్లు తిన్న చుట్టరికం.

"ఇల్లు శాంక్షనయ్యిందండి, అన్నయ్యగారూ! వచ్చి నెలయ్యింది. ఓసారి చదివి పెడుదురూ."

"నెల్లాళ్ళూ ఎవరికీ చూపించలేదా?"

"దిష్టి తగులుద్దని దాచేనండి. అయినా ఇంగ్లీషులో వచ్చిందంటే మంచి కబురే కదండీ. మనల్ని అదిలించే కాయితాలన్నీ తెలుగులోనే వస్తాయి."

రెండు పేజీలు. నేనూ బి.ఏ. చదివినవాణ్ణే. అయినా మొదటి వాక్యం చివరికి చేరేసరికి దాని మొదలు మరిచిపోయాను. మూడోసారికి బోధపడింది. హోటలు పాక రోడ్డు స్థలంలో ఉందట. కాదంటే ముప్పై రోజుల్లోగా పట్టా చూపించాలట. చూపించకపోతే పీకేస్తారట. గడువు మర్నాటితో సరి.

ఈ మాట చెప్పగానే ఆవిడ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద అట్టు మాడింది. ఆవిడ అట్టు మాడ్చడం నేను చూడ్డం అదే మొదలు.

"మావయ్యగారి పట్టా ఉందండి," అంది, మాడిన అట్టు గీకేస్తూ. "ట్రంకు పెట్టెలో."

చట్టం తెలియదంటే కుదరదని మనకి చెబుతారు. మంచిదే. మరి తెలియని భాషలో చెబితే మాత్రం ఎలా కుదురుతుంది? పసుపు పూసిన ఆవిడది మూఢనమ్మకం అన్నాను సరే, అట్లు పోసుకునే మనిషికి ఈ రెండు పేజీలూ అర్థమైపోతాయని నమ్మిన ఆఫీసుది ఏ నమ్మకం?

మర్నాడు ఇద్దరం పట్టా, నేను తెలుగులో రాసిన అర్జీ పట్టుకుని ఆ ఆఫీసుకి బస్సెక్కాం. ఆఫీసరు నోటీసు చూసి నవ్వాడు.

"ఏంటమ్మా, శుభలేఖకి పూసినట్టు పూసేరు?"

"ఆయ్, శుభలేఖే అనుకున్నానండి. మీరు తెలుగులో రాసుంటే నా పసుపు మిగిలేదండి."

పక్కనున్న గుమాస్తా అర్జీ చూసి పెదవి విరిచాడు. "ఇది పైకి వెళ్ళాలండి. ఇంగ్లీషులో టైపు చేయించుకు రండి."

నాలో ఉపన్యాసం లేచింది. రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టబోయాను.

"మీరుండండి, అన్నయ్యగారూ," అని నన్ను ఆపేసి, ఆవిడ ఆఫీసరు వైపు తిరిగింది. "బాబుగారూ, ఈ నోటీసులో ఏం రాసేరో మీరే నాకు తెలుగులో చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అనగా... సదరు ఆక్రమణ నిమిత్తం..." అని ఆగాడు. తల గోక్కున్నాడు. "అంటే, మీ పాక మా జాగాలో ఉందంటున్నామమ్మా. కాదంటే కాగితం చూపించమంటున్నాం."

"ఈ ముక్కకి రెండు పేజీలెందుకండీ?"

గుమాస్తాతో సహా గదంతా నవ్వింది. ఆయన నవ్వుతూనే పట్టా నకలు తీయించి, తెలుగు అర్జీ మీదే ముద్ర వేసి రసీదిచ్చాడు.

"జవాబు కూడా తెలుగులోనే పంపండి బాబూ," అని గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చెప్పింది.

కొలతలకి మనుషులొచ్చారు, అట్లు తిన్నారు, డబ్బులిచ్చి వెళ్ళారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. నాలుగంటే నాలుగు వాక్యాలు, తెలుగులో. ఐదో తరగతి చదువుకున్న చెల్లెమ్మ పొయ్యి ముందు నిలబడి, బల్లల దగ్గర కూర్చున్న అందరికీ వినబడేలా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తనే చదివింది. పాక మావయ్యగారి పట్టా భూమిలోనే ఉంది. తీసే పని లేదు.

చదవడం అయ్యాక పసుపు డబ్బా తీసింది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఈసారి చదివేకే పూస్తున్నానండి," అంది, నావైపు చూడకుండానే.

ఉపన్యాసం కట్టిపెట్టాను. ఇంకో అట్టు వెయ్యమన్నాను.