మొగలి పొదల వెనక నక్కల జంట

మొన్న నౌపడ నుంచి వచ్చిన మా తమ్ముడి కొడుకు, రైలు పట్టాల పక్కన ఏదో జంతువు చచ్చిపడి ఉంటే ఊరంతా జాతరకు వెళ్ళినట్టు వెళ్ళి చూసిందనీ, కుర్రవాళ్ళు కొందరు కుక్క అంటే కొందరు తోడేలు అన్నారనీ చెప్పి నవ్వాడు. నేను నవ్వలేదు. తోక ఎలా ఉందని అడిగాను. పొట్టిగా, గుబురుగా, కొస నల్లగా ఉందన్నాడు. అయితే నక్కే.

మన ఈడు వాళ్ళకు నక్క ఎలా ఉంటుందో చెప్పడం వేళాకోళంగా ఉంటుంది గాని, నేను చూసినంత తీరిగ్గా దానిని చూసినవాళ్ళు తక్కువే. ఊరకుక్క కన్నా కాస్త చిన్నది. సన్నని కాళ్ళు, కోల మూతి, ఎండుగడ్డి రంగు ఒళ్ళు, వీపు మీద మాత్రం మసి చల్లినట్టు నలుపు. తల వంచుకుని, ఏదో పని మీద పోతున్నట్టు చిన్న పరుగులో పోతుంది. పీతలు తింటుంది, ఎలకలు తింటుంది, రాలిన పనసపండు దొరికితే అదీ తింటుంది. మనుషులు పూడ్చినవీ తవ్వుకు తింటుంది.

అందుకే నా మొదటి బిడ్డను, పదకొండు రోజుల ఆడపిల్లను, వజ్రపుకొత్తూరు దగ్గర మా అత్తవారి ఊరి ఇసుకదిబ్బల్లో పూడ్చినప్పుడు మామగారు గొయ్యి మీద ముళ్ళకంప వేయించారు. అప్పటికి నాకు పదహారేళ్ళు. నేను ఏడవలేదు. పాలు గడ్డకట్టి జ్వరం వస్తే, పాలు ఇంకిపోవడానికి అత్తగారు రొమ్ములకు మల్లెపూలు కట్టేవారు. ఆ వాసన తప్ప ఆ రోజులవి నాకు మరేమీ గుర్తులేవు.

ఇల్లు కదలనిచ్చాక, పొయ్యిలోకి కొబ్బరికమ్మలు ఏరే వంకతో రోజూ తెల్లవారగానే దిబ్బల వైపు వెళ్ళి, కంప కదలలేదని చూసుకుని వచ్చేదాన్ని. ఎదుట మొగలి పొదల వెనక నక్కల జంట ఒకటి బొరియ చేసుకుని ఉండేది. మూడు పిల్లలు. మగనక్క ఎక్కడెక్కడో తిరిగి వస్తే పిల్లలు దాని మూతి నాకేవి, అది కడుపులోది కక్కిపెట్టేది, అవి తినేవి. నాకు అసహ్యమూ వేయలేదు, ముచ్చటా వేయలేదు. ఊరికే చూసేదాన్ని.

ఒకనాడు వెళ్ళేసరికి ఆ మగనక్క కంపను పళ్ళతో పట్టి లాగుతోంది. నేను అరవలేదు, రాయి విసరలేదు. వెళ్ళి కంప పక్కన కూర్చున్నాను. అది పది బారల దూరం జరిగి, కాసేపు నన్ను చూసి, పొదల్లోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత రోజూ ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చునేదాన్ని.

ఇసుకలో నక్క అడుగులు ఉన్నాయని ఎవరో చెబితే, మామగారు ఇద్దరు మనుషులను, గునపాలను, పొగ పెట్టడానికి ఎండుగడ్డిని వెంటబెట్టుకుని వచ్చారు. మామగారితో కోడళ్ళు ఎదురుపడి మాట్లాడే రోజులు కావవి. అయినా ఆయనే అడిగారు.

"దినాం ఇక్కడికే వత్తన్నావు గదమ్మా. బొరియ ఎక్కడుందో సూసినావేటి?"

బొరియ ఆయన వెనక ఇరవై అడుగుల్లో ఉంది.

"నేదు మావా. నానేటీ సూడనేదు."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు. ఏమి అర్థమయిందో, మనుషులను పంపేసి, కంప మీద తనే మరో కంప వేసి, నేను ఏరిన కమ్మల మోపు తన తలకెత్తుకున్నారు.

"ఇంక సాలమ్మా. ఇంటికి పద."

కోడలి మోపు మామగారు మోయడం ఊరంతా చూసింది. నేను వెనకాల నడిచాను. అప్పుడూ ఏడుపు రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పానో ఇప్పటికీ చెప్పలేను. ఆ నక్కల మీద నాకు ప్రేమేమీ లేదు.

వానలు పడ్డాక పిల్లలు ఎదిగి ఎటో పోయాయి. నాకు మరి నలుగురు పుట్టారు, బతికారు, వాళ్ళ పనుల్లో నేను పడిపోయాను. ఇప్పుడు ఆ దిబ్బలు లేవు, చదును చేసి తోటలు వేశారు. ఈ రోజుల్లో బిడ్డ పోతే ఒక ఫోటో అయినా మిగులుతుంది, పేరైనా మిగులుతుంది. మా పిల్లకు పేరు పెట్టే రోజు రాలేదు. ఆ చోటు తెలిసిన మామగారు పోయారు, అత్తగారు పోయారు, మా ఇంటాయన కూడా పోయారు. ఎవరైనా చూపించమంటే, ఏ కొబ్బరిచెట్టు కిందో నేనూ చెప్పలేను.