వెనక గేటు దగ్గర గుండీ

కాలేజీ వెనక వీధిలో టైలరమ్మ నోటికి జడవని మనిషి లేడు. కొలతలు తీసుకుంటూనే నాలుగు అంటించి పంపుతుంది. పొట్ట లోపలికి బిగబట్టి నిలబడిన పెద్దమనిషితో, "ఊపిరి వదలండి బాబూ, చొక్కా మీకా, మీ పరువుకా?" అంటుంది. ఆయన నవ్వాలో ఏడవాలో తెలియక ఊపిరి వదిలేలోపు టేపు తిప్పి కొలత రాసేసుకుంటుంది. కాలేజీ పిల్లలు ల్యాబులో వేసుకునే తెల్లకోట్లన్నీ ఆమె కుట్టినవే. అయితే ఈ వాగుడంతా సాయంత్రం కాలేజీ బెల్లు మోగేదాకానే. బెల్లు మోగిందంటే మిషను ఆగిపోతుంది. చూపు వెళ్ళి ఎదురుగా ఉన్న వెనక గేటు మీద నిలుస్తుంది. ఆ కాసేపూ వీధిలో వాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

ఆ గేటుకు తాళం పడి చాలా ఏళ్ళయింది. వేయించింది టైలరమ్మే. ఆమె ఒక్కగానొక్క కూతురు ఆ కాలేజీలోనే చదివేది. ఓ పొద్దున బయల్దేరుతుంటే పిల్ల కోటు గుండీ తెగి మిషను మీద పడింది. "ఆగవే, ఒక్క నిమిషంలో కుట్టేస్తా" అంది తల్లి. "సాయంత్రం కుట్టుదువుగాని లేమ్మా, ఆలస్యమైపోతోంది" అంటూ పిల్ల రోడ్డు దాటేసింది. సాయంత్రం అదే గేటులోంచి బయటికి అడుగు పెట్టింది. కర్రల డిపో లారీ వెనక్కి వస్తోంది, డ్రైవరు చూసుకోలేదు. మర్నాడు టైలరమ్మ వెళ్ళి గేటు ముందు కూలబడింది, తాళం వేస్తేగాని లేవనంది. వేశారు. గుండీ మిషను సొరుగులో ఉండిపోయింది. కోటు ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. తాళం పడ్డాక టైలరమ్మ మనసు తనకు తానే ఒక ఊరట కల్పించుకుంది. పిల్ల పొద్దున లోపలికి వెళ్ళింది. గేటు మూసి ఉంది. కాబట్టి ఇంకా బయటికి రాలేదు. పిచ్చి అంటారా, పిచ్చే. కానీ ఆ పిచ్చి పట్టుకునే ఆమె రోజూ షాపు తలుపు తీసేది, గంజి తాగేది, జనాన్ని ఆటపట్టించేది. బెల్లు మోగాక గేటు అవతల చెప్పుల చప్పుడు వినబడేది. దగ్గరదాకా వచ్చేది. గొలుసు కొద్దిగా కదిలేది. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. భయం వేసేది ఆమెకు, వినబడినందుకు కాదు, రేపు వినబడదేమోనని.

ఇలా ఉండగా కాలేజీకి ఒక కొత్త మేడం వచ్చింది. రాబోయే రోజుల్లో కాలేజీ ఎలా ఉండాలి, ఏం కట్టాలి, ఏం తీసేయాలి అన్నది చుట్టుపక్కల జనాన్నే అడిగి ప్లాను రాయాలని పైవాళ్ళు ఆమెకు పని అప్పజెప్పారు. ఈ వీధిలో ఎవర్ని పట్టుకోవాలని అడిగితే అందరూ టైలరమ్మ షాపే చూపించారు. మేడం థర్మోకోలుతో చేసిన కాలేజీ నమూనా తెచ్చి, బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టింది. వీధిలోవాళ్ళంతా చుట్టూ మూగారు.

"వీళ్ళని మాట్లాడమంటే నేల చూపులు చూస్తారు మేడం, రాయమంటే పారిపోతారు" అంది టైలరమ్మ. "ఎక్కడ బాగు చేయాలనుకుంటే అక్కడ ఒక గుండీ పెట్టమనండి. గుండీలకేం, నా దగ్గర డబ్బాడున్నాయి."

మేడంకి ఆ ఆలోచన తెగ నచ్చింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని టైలరమ్మే ఒక్కొక్కరి చేతిలో గుండీ పెట్టింది. పొరపాటల్లా అక్కడే జరిగింది.

ఆ గేటు తెరిచి ఉంటే కాలేజీ మైదానం దాటి చిటికెలో బస్టాపుకు పోవచ్చు. మూసి ఉండబట్టి వీధంతా గోడ చుట్టూ తిరిగి పోతోంది. ముసలివాళ్ళు దారిలో ఆగి ఆగి నడుస్తున్నారు. అందరి చేతులూ నమూనాలో గేటు దాకా వెళ్ళాయి, టైలరమ్మ మొహం చూశాయి, పక్కకు తప్పుకున్నాయి. ఆమె మరిది సైకిలు షాపు నడుపుతాడు, ఆయనకు మోకాళ్ళు పూర్తిగా పోయాయి. ఆయన గుండీ గేటు మీద గాలిలో కాసేపు ఊగి, చివరికి లైబ్రరీ మీద వాలింది. పేపరు కూడా పూర్తిగా చదివిన పాపాన పోలేదు ఆయన.

"నీకు లైబ్రరీ ఎందుకు మరిదీ, అట్టలకు పంక్చర్లు వేస్తావా?" అని టైలరమ్మ ఎగతాళి చేసింది. ఎవరూ నవ్వలేదు.

మేడం నమూనా మీదికి వంగి చూసింది. "వెనక గేటు ఎవరూ అడగలేదే! నేనింకా మొదట అదే అడుగుతారనుకున్నా. అయితే మంచిదే. అక్కర్లేకపోతే గేటు పీకేసి గోడ కట్టేద్దాం అంటున్నారు మా వాళ్ళు. అదే రాసేస్తాను."

"గోడా?" అంది టైలరమ్మ.

"అవునండీ. తుప్పు పట్టిన గేటు ఉంచి ఏం లాభం?"

టైలరమ్మ ఒళ్ళోంచి డబ్బా జారి గుండీలు నేలంతా దొర్లాయి. ఆమె వాటిని చూడలేదు, మరిది వైపు తిరిగింది. "మీకెవరికీ ఆ గేటు వద్దా?"

మరిది తల దించుకున్నాడు. "కావాలి వదినా. అందరికీ కావాలి. నీ చేత్తో ఇచ్చిన గుండీ తీసుకుని నీ కళ్ళ ముందే అక్కడెలా పెట్టమంటావు? మోకాళ్ళదేముంది, ఎలాగో నడుస్తున్నాం."

అప్పుడే కాలేజీ బెల్లు మోగింది. అలవాటుగా అందరూ నోళ్ళు మూసుకున్నారు. టైలరమ్మ లేచి గేటు వైపు చూస్తూ నిలబడింది. చెప్పుల చప్పుడు వచ్చింది. దగ్గరదాకా వచ్చింది. గొలుసు కదిలింది. గోడ కట్టేస్తే ఆ చప్పుడు ఎటు పోతుంది, పిల్ల ఎటునుంచి బయటికి వస్తుంది అనుకుంది.

సొరుగు లాగి ఒక తెల్ల గుండీ తీసింది. దానికి తెగిన దారం ఇంకా వేలాడుతోంది. తీసుకెళ్ళి నమూనాలో వెనక గేటు మీద పెట్టింది.

"రాసుకోండి మేడం. గేటు తెరవాలి. గేటు ముందుకు లారీలు రాకుండా రాళ్ళు పాతించాలి. అదీ రాసుకోండి."

మరిది వంగలేక వంగి లైబ్రరీ మీది గుండీ తీసి దాని పక్కన పెట్టాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి అందరూ పెట్టారు. గేటు బొమ్మ గుండీల కింద కనబడకుండా పోయింది. మేడంకి ఏం జరిగిందో సగమే అర్థమైంది, అయినా కళ్ళు తుడుచుకుంది. ఎక్కడి గుండీలు అక్కడే ఉండాలి, ఫోటో తీసి పైవాళ్ళకు చూపిస్తానంది.

"మిగతావి మీరే ఉంచుకోండి" అంటూ టైలరమ్మ దారం వేలాడుతున్న గుండీ వెతికి వెనక్కి తీసుకుంది. "ఇదొక్కటి మాత్రం నాకు కావాలి. పిల్ల వచ్చేస్తుంది, కుట్టాలి."

టైలరమ్మ సూదిలోకి తెల్లదారం ఎక్కించి, స్టూలు గుమ్మంలోకి లాక్కుని, గేటుకు ఎదురుగా కూర్చుంది.