గూఢచారికి తెలియని సంగతి

ఇవాళ పాల్వంచ బస్టాండులో పోస్టర్ చూశాను. మన హాస్టల్ రోజుల్లో పినపాక డేరా టాకీసులో చూసిన గూఢచారి సినిమాలకు ఇంకో భాగం వచ్చిందట. గుర్తుందా, తడిసిన డేరా గుడ్డ వాసన, ఇసుకలో గుచ్చి పెట్టుకున్న గోలీసోడా, బీడీ పొగలో తేలే హీరో? నాకైతే మా అవ్వ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఆ రోజు అవ్వ మా కోయగూడెం నుంచి ఉతికిన చీర కట్టుకుని నాతో సినిమాకు వచ్చింది. తెరమీద ఆకుల లంగాలు కట్టిన అడవి మనుషులు హీరోను చెట్టుకు కట్టేసి, చుట్టూ "హుయ్ హుయ్" అని గెంతుతూ మామిడికాయలు కొరుకుతున్నారు. అవ్వ గట్టిగానే అడిగింది.

"ఏ ఊరోళ్ళురా వీళ్ళు? మామిడి పండుగ కాకముందే, దేవతకు పెట్టకుండనే కాయ తింటున్నరేంది?"

డేరా అంతా నవ్వింది. అవ్వ మళ్ళీ సినిమా మొహం చూడలేదు. మర్నాటి నుంచి హాస్టల్లో నన్ను "హుయ్ హుయ్" అని పిలిచారు. ఎవరో కాదు, మీరే.

ఇన్నేళ్ళలో ఆ సినిమాల్లో హీరోలు మారారు. కార్లు, తుపాకులు మారాయి, చివరికి శత్రుదేశమూ మారింది. ఈ పోస్టర్ మూలన మాత్రం అవే ఆకుల లంగాలు. దేశదేశాల రహస్యాలు బయటికి లాగే ఆ మొనగాడికి మా అవ్వ చీర కట్టుకుంటుందని ఇంకా తెలియలేదు!

పొద్దున మన గ్రూపులో టికెట్లు బుక్ చేద్దామన్నారు కదా. చేసుకోండి. ముందు అవ్వకు జవాబు చెప్పండి: ఏ ఊరోళ్ళు వాళ్ళు?