అమ్మ రికార్డు అడుగునే ఉండిపోయింది

నిన్న బెంగళూరులో మా మనవడు తన రికార్డు ప్లేయరుకు ముల్లుండే కొత్త కార్ట్రిడ్జి వేసి, మర తిప్పి, ముల్లుచెయ్యి ఎత్తు సరిచేసినాడు. ఏదో రికార్డు పెడితే పాటొచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

ఊరోళ్లారా, అరవైల్లో మన కెంచనగుడ్డలో మా ఇంటి ప్లేయరు గుర్తుందా? మీరంతా మా వసారాలో కూర్చుని వినేవాళ్లు. దాని కార్ట్రిడ్జి చెడిపోతే నాయన బళ్లారిలో వేరేది తెచ్చినాడు. అది పొట్టిది. చెయ్యి ముందుకు వాలి రికార్డును గీకుతాండాది. చెయ్యిని వెనకపక్క దించి సమం చేద్దామంటే మర తుప్పుపట్టి తిరగలా.

"సాకు బిడన్నా, ఇంక ఆ మర వదిలెయ్, రికార్డునే ఎత్తు చెయ్యి. కింద ఇంకోటి పెట్టు," అన్నాడు చిన్నాయన.

నాయన తనవి ఒక్కటీ ఇయ్యలా. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క రికార్డు తీసినాడు.

"అది మాత్రం వద్దబ్బా, నీకు దండం పెడతా," అనింది అమ్మ.

"ఏమైతాదే? అడుగున ఉంటాది, అంతే గదా!"

ఆపొద్దు నుంచి పాట మొదలైతే చాలు, అమ్మ వంటింట్లోకి పోయేది.

ఆ రికార్డు నా దగ్గరే ఉండాది. నిన్న మనవడితో పెట్టించినా, మళ్లీ మళ్లీ పెట్టించినా. గరగర తప్ప ఏం రాలా. పైరికార్డులు రుద్దుకుని గీతలు అరిగినాయి, మధ్యలో పాట పేరూ చెరిగిపోయింది. అమ్మ దాన్ని పెట్టుకుని వినేటప్పుడు నేను మరీ చిన్నదాన్ని, ఆ పాట నాకు గుర్తులేదు.

మీలో నాకంటే పెద్దోళ్లుండారు. మా అమ్మ పాటేందో ఎవరికన్నా గుర్తుంటే చెప్పండప్పా.